కాపీక్యాట్‌లోకి పిల్లి ఎట్లా దూరింది?

ఫ్లెక్స్_భాయ్ | హన్మకొండ
అందరికీ నమస్తే. నాది ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. నిన్న మిర్చి బజ్జీల బండి నడిపే ఒకాయన వచ్చాడు, మంచి కోపం మీద ఉన్నాడు. ఆయన బండికి నాలుగు అడుగుల దూరంలో ఇంకొకరు బండి పెట్టారట. అదే ఎర్ర గొడుగు, అవే స్టీలు డబ్బాలు, పేరు కూడా అదే. ఒక్క దీర్ఘం తీసేశారు, అంతే తేడా. 'కాపీక్యాట్‌లను చూసి మోసపోకండి, మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అని ఆరు బై మూడు ఫ్లెక్స్ కొట్టమన్నాడు. నేను డిజైన్‌లో ఒక మూలకు పిల్లి బొమ్మ పెట్టాను. అది చూసి ఇంకా గరం అయ్యాడు. "బజ్జీల బండి మీద పిల్లి బొమ్మేంది భయ్, గిరాకీ ఏమనుకుంటది?" అన్నాడు. కోతిని పెట్టమంటున్నాడు.

ఆయన అన్నదీ సబబే అనిపించింది. ఒకర్ని చూసి ఒకటి చేసేది కోతి కదా, పిల్లి ఎవరిని కాపీ కొట్టింది? ఇంగ్లిషువాళ్లు దాన్నే ఎందుకు పట్టుకున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. సాయంత్రం లోపు ప్రింటుకు పంపాలి.

కాజీపేట_జంక్షన్
సింపుల్ అన్నా. పిల్లికూనలు తల్లిని చూసి నేర్చుకుంటాయి. తల్లి ఎట్లా పొంచి ఉంటే అట్లనే పొంచి ఉంటాయి, ఎట్లా దుమికితే అట్లనే దుముకుతాయి. అందుకే కాపీక్యాట్. నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే ఉంది. కేసు క్లోజ్.

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
అంత తొందరగా క్లోజ్ చేయకు తమ్మీ.

పిల్లికూనల సంగతి నిజమే. 1969లో సైన్స్ పత్రికలో ఫిలిస్ చెస్లర్ అనే ఆమె ఒక ప్రయోగం ప్రచురించారు. మీట నొక్కితే తిండి దొరికే ఏర్పాటు చేశారు. తల్లి నొక్కుతుంటే చూసిన కూనలు చప్పున పట్టేశాయి. పరాయి పిల్లిని చూసినవి ఆలస్యంగా నేర్చుకున్నాయి. ఎవరినీ చూడకుండా తమంతట తామే తంటాలు పడినవాటికి అది పట్టుబడనే లేదు. ప్రయోగం బాగుంది. కానీ మాట దానికంటే ఎనభై ఏళ్లకు పైగా పాతది. మాట పుట్టించినవాళ్లు పిల్లులను గమనించి పుట్టించలేదు, మనుషులను తిట్టడానికి పుట్టించారు.

ఇంగ్లిషులో మనిషిని పిల్లీ అనడం 13వ శతాబ్దం నుంచే ఉన్న తిట్టు. ముఖ్యంగా ఎత్తిపొడుపు మాటలు మాట్లాడే ఆడవాళ్లను అనేవారు. ఇప్పటికీ అలాంటి మాటను 'క్యాటీ' అంటారు. పిరికివాణ్ని 'స్కేర్డీ క్యాట్' అంటారు. కుక్క ఎదురైతే పిల్లి ఎట్లా తిరగబడుతుందో చూసినవాడెవడూ దాన్ని పిరికిది అనడు, అయినా ఆ మాట నిలబడింది. అంటే 'క్యాట్' అక్కడ జంతువు కాదు, తిట్టుకు తగిలించిన తోక. మనవాళ్లు 'వెధవ' అని ఎట్లా తగిలిస్తారో అట్లా. కాపీ వెధవ అన్నమాట.

ఇక వయసు. నిఘంటువులు సాధారణంగా చూపించే అచ్చు ఆధారం 1887 నాటిది. కాన్‌స్టన్స్ కేరీ హారిసన్ అనే అమెరికా రచయిత్రి 'బార్ హార్బర్ డేస్' అనే పుస్తకం రాశారు. అప్పటికే అచ్చైన దాన్ని మళ్లీ రాసిపెడితే మా అబ్బాయిలు కాపీక్యాట్ అంటారు అని అందులో ఒక మాట వస్తుంది. అంటే అచ్చులో మొదట కనిపించేనాటికే అది పిల్లల నోట నానుతున్న మాట. ఇంకా బాగున్న సాక్ష్యం 1896లో ఉంది. సేరా ఓర్న్ జ్యూయెట్ రాసిన 'ది కంట్రీ ఆఫ్ ది పాయింటెడ్ ఫర్స్'లో ఒక పెద్దావిడ ఈ మాట వినగానే నవ్వుతుంది. ఎన్నేళ్లయిందో ఈ మాట విని, మా అవ్వకు ఇది ఇష్టమైన మాట అంటుంది. 1896లో ఒక ముసలావిడకు అవ్వ కాలం గుర్తొచ్చిందంటే లెక్క వేసుకోండి. రెండు పుస్తకాలూ అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రపు సముద్రతీరం కథలే.

కాజీపేట_జంక్షన్
సార్, కాపీ వెధవ బాగుంది. ఫ్లెక్స్ మీద అదే కొట్టించు భాయ్, నేను చూడడానికి వస్తా.

ఫ్లెక్స్_భాయ్ | హన్మకొండ
వద్దు, పక్క బండి వాళ్లు కూడా నాకు గిరాకీయే. రేపు వాళ్ల ఫ్లెక్స్ నేనే కొట్టాలి.

మరి కోతిని పెట్టేయమంటారా సార్?

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
కోతిని పెడితే ఇంగ్లిషువాళ్లూ ఒప్పుకుంటారు. వాళ్లకు 'ఏప్', అంటే కోతి, పాత మాట. అనుకరించడం అనే క్రియగా 17వ శతాబ్దం నుంచి వాడుతున్నారు. షేక్‌స్పియర్ 'సింబలీన్' నాటకంలో ఒక పాత్ర నిద్రను పట్టుకుని 'చావుకు కోతివి నువ్వు' అంటుంది. నిద్ర చావును అచ్చంగా అనుకరిస్తుందని. అంతకు ఎంతో ముందే లాటిన్ కవి ఎన్నియస్, కోతి ఎంత వికారపు జంతువో, మనకు ఎంత దగ్గరగా ఉందో అని ఒక పాదం రాశాడు. లాటిన్‌లో కోతి 'సిమియా', పోలిక 'సిమిలిస్'. రెండూ వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి కవికి చమత్కారం దొరికింది. నిజానికి సిమియా వచ్చింది చప్పిడి ముక్కు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి అంటారు.

మన ఊళ్లలో ఇంటి కప్పు మీద పెంకులు పీకే కోతులను చూసినవాళ్లకు అనుకరణ సంగతి ఎట్లున్నా వికారం సంగతి తెలుసు.

రెవెన్యూ_రిటైర్డ్ | జగిత్యాల
చర్చ బాగుంది. మా దఫ్తర్‌లో కాపీ అనే మాటే తక్కువ. నకలు అనేవాళ్లం. నిజాం కాలంలో కచేరీ అంతా ఉర్దూలో నడిచింది కాబట్టి తహసీలు, జమాబందీ, పహాణీ, నకలు అట్లనే ఉండిపోయాయి. మూలం అరబ్బీ. నక్ల్ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం. సామాను మోయడానికీ ఆ మాటే, ఒక కాగితం మీది రాతను ఇంకో కాగితం మీదికి మోయడానికీ ఆ మాటే. అందులో తిట్టు ఏమీ లేదు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు జిరాక్స్ మిషన్లు మా దాకా రాలేదు. రైతు దరఖాస్తు పెట్టుకుంటే పహాణీ నకలు చేత్తో రాసి ఇచ్చేది. ఒకరు అసలు రిజిస్టర్ ముందేసుకుని పైకి చదివేవాళ్లు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పట్టాదారు, అనుభవదారు. రెండో మనిషి నకలు మీద పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ పోయేవాడు. కింద రెండు సంతకాలు, రాసినవాళ్లది ఒకటి, సరిచూసినవాళ్లది ఒకటి. ఇక్కడ ఒక సంగతి బయటివాళ్లకు తెలియదు. అసలులో తప్పుంటే నకలులోనూ ఆ తప్పు ఉండాల్సిందే. రిజిస్టర్‌లో మల్లయ్య బదులు మలయ్య అని పడితే, ఆ మల్లయ్య ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మలయ్య అనే రాయాలి. తెలివి వాడి దిద్దామా, మెమో వస్తుంది. సవరణకు వేరే దరఖాస్తు, వేరే ఫైలు.

మక్కికి మక్కి దించడం అంటారు చూడండి, అది మా గుమస్తాల మాటే. మక్ఖీ అంటే ఉర్దూలో ఈగ. ఒక రాయసగాడు పాత పత్రానికి నకలు రాస్తున్నాడట. ఒకచోట అక్షరాల నడుమ చచ్చిన ఈగ అతుక్కుని ఉంది. అసలులో ఉన్నది నకలులో ఉండాలి కదా. వాడు లేచి, గోడ మీద ఒక ఈగను కొట్టి తెచ్చి, సరిగ్గా అదే వరుసలో, అదే అక్షరం పక్కన అంటించాడట. కథ విని అందరూ నవ్వుతారు. నేను మాత్రం ఆ రాయసగాడి పక్షం. వాడి కొలువు అది.

పరకాల_పత్తి
మక్కి అంటే మా దిక్కు మక్కజొన్ననే సార్. కంకి మీద గింజ పక్కన గింజ ఒక్క తీరుగ ఉంటది, అందుకే మక్కికి మక్కి అని మా తాత చెప్పేది.

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
తాత చెప్పింది ముచ్చటగా ఉంది. కానీ హిందీ, ఉర్దూల్లో 'మక్ఖీ పర్ మక్ఖీ మార్‌నా' అనే వాడుక సాఫీగా ఉంది, అర్థమూ ఇదే. ఈగ ఇటువైపు ఎగిరొచ్చి, మక్క పండే నేల మీద వాలి, మక్కగింజ అయింది. కాజీపేట తమ్ముడి పిల్లికూన కూడా ఇట్లాంటిదే. మాట ముందు వస్తుంది, దానికి కారణం తర్వాత ఎవరో ఒకరు కుదురుస్తారు. కుదిరిన కారణం అసలు దానికంటే అందంగా ఉంటుంది, అందుకే అది ఎక్కువ దూరం పోతుంది.

పరకాల_పత్తి
ఏదైతేంది సార్. రెవెన్యూ సార్ నకలు అన్నాడు కదా, దాని తమ్ముడు నకిలీ గురించి నేను చెప్తా. పత్తి గింజల ప్యాకెట్ మీద బొమ్మ అదే, అక్షరాలు అవే, లాట్ నంబర్ కూడా ఉంటది. కొన్నప్పుడు ఎవడూ పట్టలేడు. నల్లరేగట్లో గుంటకు గుంట చూసుకుంటూ పోతే సాలుకు నాలుగు మొలకలు కనవడ్డప్పుడు తెలుస్తది. అప్పటికి వాన పదును పోతది, మళ్లీ విత్తాల్నంటే మళ్లీ అప్పే. బజ్జీల బండి కాపీ కొడితే నాలుగు ప్లేట్ల గిరాకీ పోతది, గింజ కాపీ కొడితే ఏడాది పోతది. దీన్ని పిల్లి, కోతి అని నవ్వుకునుడు నాకైతే మనసొప్పదు.

రెవెన్యూ_రిటైర్డ్ | జగిత్యాల
నిజం. నకలు, నకిలీ ఒక్క తల్లి పిల్లలే. ఒకదానికి కింద ప్రభుత్వ ముద్ర ఉంటుంది, రెండోది ఆ ముద్రను కూడా నకలు చేస్తుంది.

హన్మకొండ_వకీలు
ఫ్లెక్స్ భాయ్‌కి ఒక హెచ్చరిక. ఫ్లెక్స్ మీద 'నకిలీ' అని రాసి పక్క బండి వైపు బాణం గుర్తు పెట్టొద్దు. పంచాయితీ అవుతుంది. చట్టంలో మాట ఇంకో తీరుగా ఉంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 'డిసెప్టివ్‌లీ సిమిలర్' అంటుంది. అంటే మోసపోయేంత పోలిక. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టుకుని ఒత్తులు, దీర్ఘాలు లెక్కపెట్టడం కాదు. మామూలు మనిషి, హడావిడిలో ఉన్నవాడు, ఇంతకుముందు చూసిన గుర్తుతో వచ్చి పొరబడతాడా లేదా అన్నదే ప్రశ్న. బజ్జీల దగ్గరికి వచ్చేవాడు హడావిడిలోనే వస్తాడు కాబట్టి మీ గిరాకీకి పాయింటు ఉంది. పేరు రిజిస్టర్ చేయించుకోకపోయినా ఎన్నాళ్లుగానో వాడుతున్నట్టు చూపగలిగితే 'పాసింగ్ ఆఫ్', అంటే తన సరుకును ఇంకొకరి సరుకుగా చలామణీ చేయడం, దాని కింద అడగొచ్చు. కానీ బజ్జీల బండికి కోర్టు ఖర్చు గిట్టుబాటు కాదు, అది వేరే సంగతి.

టీచరమ్మ_ములుగు
అన్నయ్యలందరూ కాపీని నేరం చేసి కూర్చోబెట్టారు. నేను చిన్న తరగతుల టీచర్ని. పిల్లలకు రోజూ మేము ఇచ్చే హోంవర్కు పేరే కాపీ రైటింగ్. పైన అచ్చులో ఉన్న లైను చూసి కింద నాలుగు గీతల మధ్య అట్లనే రాయాలి. గుండ్రాలు, కొమ్ములు, తలకట్లు అన్నీ పై లైనులాగే ఉండాలి. ఎంత బాగా కాపీ చేస్తే అన్ని మార్కులు. అదే పిల్లవాడు పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి అంతే శ్రద్ధగా, అంతే గుండ్రంగా రాస్తే చెవి మెలిపెడతాం. పిల్లలకు మొదట్లో ఈ తేడా అసలు అర్థం కాదు. ఒకసారి ఒక బుడతడు 'నిన్న చూసి రాయమన్నరు కద టీచర్' అని నిలదీశాడు.

మన ఓనమాలు దిద్దడం ఏమిటి? పలక మీద పెద్దవాళ్లు రాసిన అక్షరం మీద బలపంతో మళ్లీ మళ్లీ తిప్పడమే. అక్షరం లావెక్కి పలక తెల్లబడేదాకా తిప్పుతారు. అక్కడ పిల్లవాణ్ని ఎవరూ కాపీక్యాట్ అనలేదు.

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
అమ్మా, మంచి మాట పట్టారు. లాటిన్‌లో 'కోపియా' అంటే సమృద్ధి. ధాన్యం నిండుగా ఉంటే కోపియా. దాని నుంచే ఇంగ్లిషులో 'కోపియస్' వచ్చింది. ఒకటే ఉన్న గ్రంథాన్ని రాసుకోనిచ్చి నాలుగు చేస్తే అది సమృద్ధే కదా, అట్లా మధ్యయుగపు లాటిన్‌లో రాత ప్రతికి ఆ పేరు పడింది. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషుకు చేరింది. కాపీకి పరువు తక్కువ తనం తెచ్చింది తర్వాత వచ్చిన బడిపిల్లలే. పిల్లి తోక అంటించిందీ వాళ్లే.

ఫ్లెక్స్_భాయ్ | హన్మకొండ
సార్, అమ్మా, అందరికీ థాంక్స్. టైం అయిపోయింది, ప్రింటుకు పంపేశాను. పిల్లీ పెట్టలేదు, కోతీ పెట్టలేదు. మా షాపులో పని నేర్చుకునే పిల్లవాడు 'పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట' అన్నాడు. నక్క బొమ్మ గీసి ఒంటి మీద నల్ల చారలు వేశాం, తోక దగ్గర కొంచెం పొగ కూడా పెట్టాం. బజ్జీలాయన పడీపడీ నవ్వి అడ్వాన్స్ ఇచ్చాడు. కాపీక్యాట్ అనే మాట తీసేయించాడు. 'పేరు చూసి రండి' అని మాత్రం ఉంచాం, వకీలు సాబ్ మాట విని.

మట్టెవాడ_మనిషి | వరంగల్
ఓరుగల్లు జనం ఇంతమంది కూర్చుని అనుకరణ గురించి మాట్లాడుతూ నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు ఒక్కరూ ఎత్తలేదు. నాకు అదే ఆశ్చర్యం.

ఆయన 1932లో మా మట్టెవాడలో పుట్టారు. 2018లో పోయారు. దేశం మొత్తానికి మిమిక్రీ అంటే ఇదీ అని చూపించిన మనిషి. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ వచ్చింది. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద కళా ప్రాంగణం ఉంది, ఇప్పటికీ నాటకాలూ సభలూ అక్కడే. స్టేజీ మీద ఆయన ఒక్కడే, చేతిలో మైకు ఒక్కటే. నాయకుల గొంతులు, నటుల గొంతులు ఒకటి తర్వాత ఒకటి వచ్చేవి. ఇంగ్లిషు సినిమాల్లోని గుర్రాల డెక్కలు, తుపాకులు, వెనకాల సంగీతంతో సహా దించేవారు. మనిషిని ఆయన గొంతుతోనే కాదు, ఆగే చోటుతో పట్టేవారు. ఏ నాయకుడు ఏ మాట తర్వాత ఊపిరి పీలుస్తాడు, ఏ నటుడు వాక్యం చివర గొంతు దించుతాడు, అది దొరికితే చాలు, కళ్లు మూసుకుంటే ఆ మనిషే ఎదురుగా నిలబడ్డట్టు ఉండేది. దానికి ధ్వన్యనుకరణ అని పేరు పెట్టుకుని గౌరవంగా నిలబెట్టారు.

పిల్లితో, కోతితో, బజ్జీల బండితో దాన్ని ఒక గాటన కట్టొద్దు.

కాజీపేట_జంక్షన్
ఒక గాటన ఎవరూ కట్టలేదు పెద్దాయనా. కానీ నిజం చెప్పండి, మిమిక్రీ కూడా కాపీయే కదా? ఒరిజినల్ గొంతు ఆ నటుడిది. పేరు ఈయనకు.

మట్టెవాడ_మనిషి | వరంగల్
నటుడికి ఒక్క గొంతు. ఈయనకు ఎన్ని?

టీచరమ్మ_ములుగు
కాజీపేట తమ్ముడూ, తేడా చాలా ఉంది. మిమిక్రీ చేసేవాడు ముందే చెప్తాడు, ఇప్పుడు ఫలానా ఆయన గొంతు చేస్తున్నా అని. చూసేవాళ్లు ఇది ఆయన కాదు అని తెలిసే చప్పట్లు కొడతారు. ఆ 'కాదు' తెలిసి ఉండడంలోనే మజా అంతా. పరీక్షలో కాపీ కొట్టేవాడు, నకిలీ గింజ అమ్మేవాడు ఆ 'కాదు'ను దాచిపెడతాడు.

హన్మకొండ_వకీలు
అమ్మగారు చట్టం మొత్తం రెండు ముక్కల్లో చెప్పారు. మా దగ్గర దీనికి పేజీలకు పేజీలు రాస్తారు.

కాజీపేట_జంక్షన్
అట్లయితే పిట్టలదొర ఏ లెక్కలోకి వస్తాడు? చిన్నప్పుడు మా వాడకు వచ్చేవాడు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకీ. 'నేను లండన్ పోయిన, రాణి చాయ్ పోసింది' అని ఇక కోతలే కోతలు. తుపాకి రాముడు అని కూడా అంటారు. అది దొరల నకలే కదా. కానీ వాడు ఎవర్నీ మోసం చేయడు, దొర అని ఎవరూ నమ్మరు. పైగా అసలు దొరను చూస్తే వాడే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

మట్టెవాడ_మనిషి | వరంగల్
ఇది బాగా చెప్పావు బిడ్డా. దొర ముందు నవ్వలేనివాళ్లు పిట్టలదొర ముందు నవ్వుకున్నారు. వెక్కిరింపు వేరే జాతి, అది కాపీ కంటే పదునైంది.

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
మిమిక్రీ మాట పుట్టిందే ఇట్లాంటి వీధి వేషాల నుంచి. గ్రీకులో 'మిమోస్' అంటే హాస్య వేషాలు వేసేవాడు, ఆ చిన్న నాటకానికీ అదే పేరు. దానికి మన ఊళ్లో తెలియని చుట్టాలు చాలామంది ఉన్నారు. అత్తిపత్తి మొక్క శాస్త్రీయ నామంలో 'మిమోసా' ఉంది, ముట్టుకుంటే జంతువులాగా ముడుచుకుంటుంది కాబట్టి, జీవాన్ని నటిస్తోందని ఆ పేరు పెట్టారు. పిల్లలు ఫోన్‌లో పంపుకునే 'మీమ్' కూడా ఈ ఇంటిదే. 1976లో రిచర్డ్ డాకిన్స్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునే అలవాట్లకు, రాగాలకు ఒక పేరు కావాలని మిమీమ్ అనుకుని, 'జీన్'కు ప్రాస కుదరాలని మీమ్‌గా కత్తిరించాడు. రెవెన్యూ సార్‌కు నచ్చే చుట్టం ఇంకొకటి ఉంది, మిమియోగ్రాఫ్.

రెవెన్యూ_రిటైర్డ్ | జగిత్యాల
అంటే మన సైక్లోస్టైల్ లాంటిదా? మైనం స్టెన్సిల్ మీద టైపు కొట్టి, రోలరుకు చుట్టి తిప్పితే ప్రతులు పడేవి. సర్క్యులర్లన్నీ దాని మీదే. అక్షరం తప్పు పడితే గులాబీ రంగు ద్రవం పూసి ఆరబెట్టి మళ్లీ కొట్టేవాళ్లం. చేతులకు సిరా వారం రోజులు పోయేది కాదు.

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
ఆ కుటుంబమే. ఎడిసన్ పేటెంట్లు తీసుకుని ఎ.బి.డిక్ అనే ఆయన ఆ పేరుతో అమ్మకానికి పెట్టింది 1887లో. కాపీక్యాట్ అచ్చులో కనిపించిన ఏడాదే. ఒకే ఏడాది కాపీ కొట్టే యంత్రానికి గ్రీకు బిరుదు, కాపీ కొట్టే పిల్లవాడికి పిల్లి తోక. కాకతాళీయమే అనుకోండి.

సీతాకోక | కేయూ క్యాంపస్
జువాలజీ నుంచి ఒక మాట. మీ ఇంటి కరివేపాకు చెట్టు మీద పక్షి రెట్ట లాంటి పురుగు కనబడితే చంపకండి. అది కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక మగది నల్లగా, రెక్క వెనక తెల్ల మచ్చల పట్టీతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని మాత్రం కామన్ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుక వేషం వేస్తాయి, నడుమ తెల్ల మచ్చ, అంచుకు ఎర్ర మచ్చలు. ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం. ఆ రోజ్ సీతాకోకచిలుకలు గొంగళి దశలో ఈశ్వరి జాతి తీగలు తిని ఒంట్లో విషం దాచుకుంటాయి, పిట్టలు ఒకసారి తిని మళ్లీ ముట్టవు. మార్మన్‌కు విషం లేదు, వేషమే రక్ష. ఇట్లాంటి పోలికను 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల మీద వివరించాడు, అందుకే బేట్సియన్ మిమిక్రీ అంటారు. నకిలీలు ఎక్కువై అసలువి తక్కువైతే పిట్టలు పాఠం నేర్చుకోవు, వేషం పనిచేయదు. పత్తి అన్న చెప్పిన నకిలీ గింజలకు మాత్రం ఆ హద్దు లేదు.

రోజ్ ఒంటి అడుగు భాగం ఎర్రగా ఉంటుంది, మార్మన్‌ది నల్లగానే ఉంటుంది. గుర్తు పట్టాలంటే ఒళ్లు చూడండి, రెక్కలు కాదు.

పరకాల_పత్తి
మా చేనుకు అట్లాంటి గుర్తు చెప్పు తల్లీ, కాళ్లు మొక్కుతా.

సీతాకోక | కేయూ క్యాంపస్
అన్నా, బిల్లు తీసుకోండి, ఖాళీ ప్యాకెట్, కొన్ని గింజలు దాచిపెట్టండి. గోనెసంచి తడిపి నూరు గింజలు చుట్టి పెడితే వారంలోపే ఎన్ని మొలకెత్తాయో లెక్క తెలుస్తుంది. విత్తక ముందు చేయండి.

కాజీపేట_జంక్షన్
ఒక చివరి డౌటు. మా అన్న పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాళ్ల గైడు రోజూ 'ప్లేజియరిజం' అని టెన్షన్ పెడుతున్నాడట. అందులో ఏ జంతువు ఉంది?

డిక్షనరీ_పురుగు | కరీంనగర్
జంతువు లేదు తమ్మీ, దొంగ ఉన్నాడు. లాటిన్‌లో 'ప్లాగియారియస్' అంటే మనుషులను ఎత్తుకుపోయేవాడు, పరాయివాళ్ల బానిసలను, పిల్లలను. 1వ శతాబ్దంలో మార్షల్ అనే రోమన్ కవి పద్యాలను ఫిడెంటినస్ అనేవాడు తనవే అని చెప్పుకుని చదువుతున్నాడు. మార్షల్ తన పద్యాలను తాను వదిలిపెట్టిన బానిసలుగా పోల్చి, వాటిని ఎత్తుకుపోయినవాడికి ఈ పేరు పెట్టాడు. 17వ శతాబ్దం మొదట్లో బెన్ జాన్సన్ దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు.

మీ అన్నకు చెప్పు, ఎవరి మాట తీసుకున్నా వాళ్ల పేరు రాయమని. రెవెన్యూ సార్ నకలు కింద రెండు సంతకాలు ఉండేవి కదా, అట్లా.

అడ్మిన్
ఈ చర్చలోని పోస్టులను కొందరు పేర్లు తీసేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారని ఫిర్యాదు వచ్చింది. పంపుకోండి, అభ్యంతరం లేదు. కింద రాసినవాళ్ల పేరు ఉంచండి.